వింత చేప అని రాసి వదిలేయకండి, అదేం తింటుందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు పడి చెరువులు, రిజర్వాయర్లు నిండగానే ప్రతి ఏడూ ఒక వార్త తప్పకుండా వస్తుంది. మీ పేపర్లోనే అని కాదు, జిల్లా పేజీ ఉన్న ప్రతి పేపర్లోనూ వస్తుంది: ‘వలలో వింత చేప’. ఒళ్లంతా గట్టి పలకలు, వాటి మీద నల్లటి మచ్చలు, వీపు మీద నిటారుగా లేచిన పెద్ద రెక్క, నోరేమో తల కింద వైపు. జాలరి దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిన ఫొటో, దాని కింద నాలుగు లైన్లు, చూడ్డానికి జనం ఎగబడ్డారని చివరి మాట. అక్కడితో వార్త అయిపోతుంది. ఆ చేప ఎక్కడిది, ఆ చెరువులోకి ఎలా వచ్చింది, అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడ ఏం తిని బతుకుతోంది అన్న ముక్క మాత్రం ఎవరూ రాయరు. నా ఉత్తరం ఆ ముక్క గురించే. కొంచెం పొడుగైంది, వీలుంటే మొత్తం వేయండి, చోటు లేకపోతే కనీసం చివర్లో అడిగిన సంగతులైనా వేయండి.

అది వింత చేప కాదండీ. సక్కర్ ఫిష్. మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన జాతి. అక్వేరియం షాపుల్లో వేలెడంత ఉన్నప్పుడు అమ్ముతారు, అద్దాలకి పట్టిన పాచి అంతా తినేస్తుంది, తొట్టి కడిగే పని తప్పుతుంది అని. కొన్నాళ్లకి అది అడుగు దాటి పెరుగుతుంది, తొట్టి చాలదు, మిగతా చేపలకి ఇబ్బంది. చంపడానికి ఎవరికీ చేతులు రావు. ఓ ఆదివారం పూట కవర్లో నీళ్లు పోసి, బండి మీద పెట్టుకుని, దగ్గర్లో ఉన్న చెరువులోనో గెడ్డలోనో వదిలేసి వస్తారు. పాపం, బతికించామనే అనుకుంటారు. నేను గోపాలపట్నంలో ఉంటాను, చిన్నప్పటి నుంచీ ఇంట్లో చేపలు పెంచుతున్నాను, మేఘాద్రిగెడ్డ జలాశయం మాకు దగ్గరే. ఇలా వదిలేసే వాళ్లలో చెడ్డవాళ్లని నేను ఎప్పుడూ చూడలేదు, అందరూ చేపలంటే ప్రాణం పెట్టేవాళ్లే. అందుకే వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం అవసరం అనిపిస్తోంది.

విశాఖలో చేప అంటే సముద్రమే. వంజరం, చందువా, నెత్తళ్లు, పండుగప్ప అంటూ ఫిషింగ్ హార్బర్ కబుర్లు గంటలు గంటలు చెప్పుకుంటాం, చెరువు చేప అనగానే మట్టి వాసన అని మొహం తిప్పుకుంటాం. చదువుల్లోనూ అదే తీరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఇక్కడి తీరంలో దొరికిన 200 చేపల్ని బొమ్మలతో సహా వర్ణించి, ఇక్కడి వాళ్లు పిలిచే పేర్లు కూడా చేర్చి 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. ఈరోజుకీ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం మన ఊళ్లోనే ఉన్నాయి, అవన్నీ సముద్రం కోసం. మంచిదే. కానీ మనం తాగే నీళ్లు వచ్చేది మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాల నుంచి, ఆ నీళ్లలో ఏ చేపలు ఉన్నాయో ఈ నగరంలో పది మందిని అడిగితే బొచ్చె, రోహు తర్వాత మూడో పేరు చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

ఈ మంచినీటి చేపల సంగతి చిన్నది కాదు. భూమ్మీద నీళ్లన్నీ లెక్కేస్తే నదులు, చెరువులు, సరస్సుల్లో ఉన్నది ఒక శాతంలో చిన్న వంతు మాత్రమే. అయినా శాస్త్రజ్ఞులు ఇప్పటిదాకా గుర్తించిన చేప జాతుల్లో దాదాపు సగం ఆ కాసిన్ని నీళ్లలోనే బతుకుతున్నాయి, వాటిలోనూ ఎక్కువ భాగం మనలాంటి వేడి దేశాల్లోవే. ఒక్క అమెజాన్ నదీ ప్రాంతంలోనే 2,000కి పైగా జాతులున్నాయి. అన్నేసి రకాలు ఒకే నీళ్లలో ఎలా సర్దుకుంటున్నాయంటే, తిండి దగ్గర పంచుకోబట్టి. ఒకటి పైన తింటే ఇంకోటి అడుగున తింటుంది, ఒకటి పగలు తిరిగితే ఇంకోటి రాత్రి బయటికొస్తుంది, ఒకటి పాచి గీరితే ఇంకోటి ఆ పాచిలోని పురుగుని ఏరుకుంటుంది.

దీనికి అమెజాన్ దాకా పోనక్కర్లేదు. పెందుర్తి సంతలోనో పూర్ణా మార్కెట్‌లోనో పక్కపక్కనే పెట్టిన చేపల నోళ్లు చూడండి, చాలు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, కింది పెదవి ముందుకొచ్చి ఉంటుంది, తల పెద్దది. అది నీళ్ల పై భాగంలో తిరుగుతూ కంటికి సరిగ్గా ఆనని చిన్న జీవుల్ని మింగుతుంది, మొప్ప ఎత్తి చూస్తే లోపల జల్లెడలా సన్నటి పోగులు కనిపిస్తాయి, నీళ్లు బయటికి పోయి తిండి అక్కడ ఆగుతుంది. దాని పక్కనున్న శీలావతి, అదే మనం రోహు అంటున్నది, నోరు కొంచెం కిందకి ఉంటుంది, పెదవి అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. అది నీళ్ల మధ్య భాగంలో ఉంటూ నాచుని, నీటి మొక్కల మీద పట్టిన పాచిని, కుళ్లిన ఆకుల్ని తింటుంది. ఎర్రమోసు అడుగున ఉంటుంది, బురదలో కలిసిన చెత్తే దాని భోజనం. మూడూ ఒకే చెరువులో పెరుగుతాయి, ఒకదాని కంచంలో ఇంకోటి పెద్దగా చెయ్యి పెట్టదు. మన రాష్ట్రం చెరువు చేపల ఉత్పత్తిలో దేశంలోనే ముందుందంటే, కొల్లేరు చుట్టుపక్కల రైతులు అన్నేసి చెరువులు తవ్వారంటే, దాని కింద ఉన్న పునాదుల్లో ఈ సర్దుబాటు ఒకటి. ఇంకొకటి 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఇచ్చి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించడం. అంతకుముందు పిల్లల కోసం వరద నదుల్లో వలలు పట్టుకుని తిరగాల్సి వచ్చేది. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

చేప కోయించుకునేటప్పుడు చాలామంది ఫోన్ చూసుకుంటూ నిలబడతారు. నేనైతే ఆ ప్లాట్‌ఫామ్ దగ్గరికి ఇంకో అడుగు వేస్తాను. శీలావతి పొట్ట చీల్చగానే పేగు బయటికి వస్తూనే ఉంటుంది, సన్నగా, చుట్టలు చుట్టలుగా, చేప పొడవుకి ఎన్నో రెట్లు. నాచు, ఆకులు అరగడానికి టైం పడుతుంది కాబట్టి అంత పేగు కావాలి. అదే కొర్రమీనుని కోస్తే పేగు పొట్టిగా, చేప పొడవు కూడా ఉండదు, పొట్టలో ఒక్కోసారి సగం అరిగిన పరిగె పిల్ల కనిపిస్తుంది. మాంసం తినేదానికి అంతకంటే అక్కర్లేదు. చేపలు కోసే అక్కని అడిగితే పేగు చూసే ఏ చేపో చెప్పేస్తుంది. బొచ్చె, శీలావతుల దవడల్లో పళ్లుండవు, చాలామందికి ఇది తెలీదు. వాటి పళ్లు గొంతులో ఉంటాయి, తల కూర తినేటప్పుడు గట్టిగా తగిలే ఆ చిన్న ఎముక ముక్క మీద వరుసగా ఉండేవి అవే.

కొర్రమీను సంగతి ఇంకొంచెం చెప్పాలి. అది పుట్టినప్పుడు వేటాడే చేప కాదు. ఎర్రెర్రగా ఉండే పిల్లలు గుంపుగా నీటి పైన కదులుతుంటాయి, అప్పుడు వాటి తిండి నీళ్లలోని సూక్ష్మ జీవులు, కొంచెం పెరిగాక పురుగులు, ఆ తర్వాతే కప్పలు, చేపలు. తల్లీ తండ్రీ ఆ గుంపు కిందే కాపలా కాస్తూ తిరుగుతాయి. అంటే ఒకే చేప తన జీవితంలో మూడు నాలుగు రకాల తిండి మీద ఆధారపడుతుంది, వాటిలో ఏ ఒక్కటి ఆ చెరువులో కరువైనా మనకి కొర్రమీను ఉండదు. గొరక, మార్పు, ఇంగిలికం అనే చేపలు కూడా దీని లాగే గాలి పీల్చగలవు, అందుకే ఎండిపోయే గుంటల్లోనూ, బురద మడుల్లోనూ బతుకుతాయి. బొమ్మిడాయి సూది ముక్కుతో పగలంతా ఇసుకలో దాక్కుని, రాత్రి బయటికొచ్చి పురుగుల్ని వెతుక్కుంటుంది. జెల్ల మీసాలతో రుచి చూస్తుంది, నిజంగానే, ఆ మీసాల నిండా రుచి తెలిసే కణాలుంటాయి, మురికి నీళ్లలో కళ్లతో పని లేదు దానికి. ఇక వాలుగ. ఆ నోరు చూస్తేనే తెలుస్తుంది, కంటి వెనక దాకా చీలి ఉంటుంది, పెద్ద నదుల్లో వేటగాడు. ఒకప్పుడు బాగా దొరికే ఈ చేప ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

వేరే దేశాల చేపల్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. వాటి తిండి కథలు వింటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అమెజాన్‌లో వానాకాలం నది పది మీటర్ల దాకా లేచి అడవిలోకి వస్తుంది, చేపలు చెట్ల మధ్య ఈదుతూ పైనుంచి రాలే పండ్లు, కాయలు తింటాయి. తంబాకీ అనే చేప గట్టి గింజల్ని కూడా పటపటా కొరికేస్తుంది, కొన్ని గింజలు నలగకుండా దాని కడుపులోంచి ఎక్కడో దూరంగా పడి మొలుస్తాయి, అంటే అడవిని నాటే పనిలో చేపకి కూడా వాటా ఉంది. మన మార్కెట్లో రూప్‌చంద్ అని అమ్మేది దాని చుట్టమే, చూడ్డానికి చందువాని తలపిస్తుంది కాబట్టి చాలామంది కొంటారు. ఈసారి కొన్నప్పుడు పెదవి కొంచెం ఎత్తి చూడండి, మనిషి పళ్లలాంటి చదునైన పళ్లుంటాయి, అవి కాయలు కొరకడానికి పుట్టినవి. ఆఫ్రికాలో టాంగన్యికా సరస్సులో ఒక చేప పక్క చేపల పొలుసులు పీక్కుని తింటుంది, దాని నోరు ఒక పక్కకి వంకర తిరిగి ఉంటుంది, కొన్నింటికి కుడికి, కొన్నింటికి ఎడమకి. కుడి వంకర వాళ్లు ఎక్కువైతే మిగతా చేపలు ఆ పక్కనే జాగ్రత్త పడతాయి, అప్పుడు ఎడమ వంకర వాళ్లకి తిండి బాగా దొరికి వాళ్ల సంఖ్య పెరుగుతుంది, మళ్లీ కొన్నాళ్లకి తిరగబడుతుంది. మిచియో హోరి అనే జపాన్ శాస్త్రవేత్త 1993లో ఈ సంగతి బయటపెట్టాడు. పొలుసులు తినే చేప మన దేశంలోనూ ఉంది, ఒంట్లోంచి ముల్లు కనిపించేంత పలచగా ఉండే చాందా నామా. అలాంటి చిన్న చేప వలలో పడితే పకోడీకి కూడా పనికిరాదని గట్టున పారేస్తారు, ఎండలో పడి చచ్చిపోతుంది. దాని గురించి మనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

అమెజాన్ వరద లాంటిదే మన దగ్గర ఏరువాక వాన. మొదటి గట్టి వాన పడి గెడ్డలు పొంగగానే చేపలు ఏటికి ఎదురెక్కి, కాలువల్లోంచి వరి మళ్లలోకి వస్తాయి. పలచటి వెచ్చటి నీళ్లు, నిండా పురుగులు, పెద్ద చేపల భయం తక్కువ, గుడ్లు పెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నగరం పెరిగిన కొద్దీ ఆ మళ్లూ పోయాయి, ఆ కాలువలకి సిమెంటు గోడలూ వచ్చాయి. ఉన్న నాలుగు చెరువులు, రిజర్వాయర్లు, అటు అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు, మన చిన్న చేపలకి మిగిలిన చోట్లు ఇవే. తాటి దోనె మీద ఆవలో తిరుగుతూ అందరూ పైకి, పక్షుల వైపు చూస్తారు. ఒకసారి కిందకి, తామర కాడల మధ్యకి చూడండి. ఆ పక్షుల్లో చాలావాటి భోజనం అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ లెక్కలోకి బయటి చేపని ఒకదాన్ని దింపితే ఏమవుతుందో చెప్తాను. హిమాచల్‌లో భాక్రా డ్యాం వెనక గోవింద్‌సాగర్ అని పెద్ద జలాశయం. 1970ల మొదట్లో దాంట్లోకి అనుకోకుండా చైనా జాతి వెండి చేప చేరింది, అదే సిల్వర్ కార్ప్. అది తినేదీ బొచ్చె తినేదీ దాదాపు ఒకటే, నీటి పైభాగంలోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని ఆ చిన్న జీవులు. కొన్నేళ్లకి ఆ జలాశయం నిండా వెండి చేపే, బొచ్చె నామమాత్రంగా మిగిలింది. అక్కడ ఎవరూ ఎవర్నీ కొరకలేదు, చంపలేదు. కంచం ఒకటే అయింది. ఇక కొరికి తినే చేపని వదిలితే ఏమవుతుందో ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు చెప్తుంది. 1950ల్లో దాంట్లో నైల్ పెర్చ్ అనే భారీ చేపని వదిలారు, ప్రపంచంలో ఇంకెక్కడా లేని చిన్న చేప జాతులు అక్కడ వందల్లో ఉండేవి, వాటిలో దాదాపు 200 మాయమయ్యాయని శాస్త్రజ్ఞుల అంచనా. పాచి తినే జాతులు తగ్గిపోయాక నీళ్ల రంగే మారిపోయింది.

మళ్లీ మన దెయ్యం చేప దగ్గరికి వద్దాం. అది పాచి తింటుంది, అడుగునున్న చెత్త తింటుంది, అంటే మన శీలావతి, ఎర్రమోసుల కంచంలో చెయ్యి పెడుతుంది. పాచితో పాటు దానికి అంటుకున్న వేరే చేపల గుడ్లు కూడా పోతాయి. గుడ్లు పెట్టడానికి గట్టులో లోపలికి బొరియలు తవ్వుతుంది, గట్లు జారిపోతాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగుతుంది, దాని పొట్టే ఊపిరితిత్తిలా పనిచేస్తుంది, కాబట్టి మురికి నీళ్లలో మిగతావి చచ్చినా అది చావదు. ఒంటి మీద పలకలుండటం వల్ల కొంగలూ, వాలుగలూ దాని జోలికి పెద్దగా పోవు. వలలో పడితే ముళ్లు చిక్కుకుని వల చిరుగుతుంది, మార్కెట్లో రూపాయి రాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లు పట్టుకునే పద్ధతి తయారుచేసి చూస్తే, తూర్పు కనుమల నీటి వనరుల్లో 60 శాతం దాకా ఈ చేప పాకిపోయిందని తేలింది. తూర్పు కనుమలంటే ఎక్కడో కాదు కదా, మన వెనకున్న కొండలే. అలాంటి చేప ఫొటో వేసి ‘వింత’ అని రాస్తే, చదివిన పిల్లాడు షాపుకెళ్లి అదే కావాలంటాడు.

ఇదొక్కటే అయితే ఇంత టెన్షన్ పడను. 1952లో తెచ్చిన తిలాపియా ఇప్పుడు లేని చెరువు లేదు. పాచి, చెత్త, గుడ్లు, పిల్లలు ఏదైనా తింటుంది, పైగా పిల్లల్ని నోట్లో దాచుకుని కాపాడుకుంటుంది కాబట్టి వాటి సంతానం ఎక్కువ శాతం బతుకుతుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది, అయినా కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతున్న చెరువుల మీద దాడులు అని మీ పేపర్లోనే చదువుతున్నాం. ఆ వార్తల్లో ఆరోగ్యానికి హాని అన్న మాట ఉంటుంది, వరదకి ఆ చెరువు గట్టు తెగితే మన మార్పు, ఇంగిలికం గతేమిటన్న మాట ఉండదు. ఇది నాలాంటి వాళ్లకి నచ్చే మాట కాదు, అయినా చెప్పాలి: షాపుల్లో పిల్లగా అమ్మే ఎలిగేటర్ గార్ లాంటి ఉత్తర అమెరికా వేట చేపలు కూడా తొట్టి చాలక బయటికి వస్తున్నాయి, 2023లో అవి భోపాల్‌లో, శ్రీనగర్ దాల్ సరస్సులో కూడా దొరికాయి.

ఇక గంబూసియా. వానాకాలం రాగానే దోమల నివారణకి చెరువుల్లో గంబూసియా చేపలు వదిలారు అని ఫొటోతో సహా వార్త వస్తుంది. ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది, మలేరియా, డెంగీ అంటే మనకి తెలియని బాధ కాదు, ఆ పని చేసే సిబ్బంది వానలో బురదలో తిరుగుతారు. కానీ ఈ గంబూసియా కూడా అమెరికా చేపే, 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ లార్వాలు తింటుంది, నిజమే. అవే తింటుందనుకుంటేనే పొరపాటు. వేరే చేపల గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు, కప్ప పిల్లలు, ఏది నోట్లో పడితే అది. తను మాత్రం గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే కంటుంది, కాబట్టి తన సంతతికి ఆ గండం లేదు. ప్రపంచంలో అతి ఎక్కువ నష్టం చేసే 100 పరాయి జాతుల జాబితాలో దాని పేరుంది. తలుపు మూసిన సిమెంటు తొట్టెలో, పాడుపడిన బావిలో వేస్తే నాకు అభ్యంతరం లేదు. కొండకర్ల ఆవ లాంటి చోట, రిజర్వాయరుతో కలిసే గెడ్డలో వేయడం మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకంటే ఆ పని చేసే చేపలు మనకే ఉన్నాయి. మా డాబా మీద తామర తొట్టిలో పాంచాక్స్ చేపలు కొన్ని ఉన్నాయి, గెడ్డల అంచున గడ్డి నీడలో ఉండే రకం. వేలి పొడవు కూడా ఉండదు. తల పైన చదునుగా ఉంటుంది, నోరు పైకి తిరిగి ఉంటుంది, నడినెత్తిన వెండి చుక్క ఒకటి మెరుస్తుంది, పైనుంచి చూస్తే ముందు ఆ చుక్కే కనిపిస్తుంది. దోమ లార్వా గాలి కోసం నీటి పైకి వస్తుంది కదా, సరిగ్గా అక్కడే, నీటి పొర కిందే ఇది కదలకుండా నిలబడి ఉంటుంది. లార్వా తోక పైకి తగిలిందో లేదో, చిన్న అల, అంతే, అక్కడ ఏమీ ఉండదు. పక్కనే తామరాకు మీద కూర్చున్న దోమకి కూడా ఒక్కోసారి ఎగురుతుంది. ఈ పని కోసమే పుట్టినట్టుంటుంది ఆ శరీరం. గొరక పిల్లలు, పరిగెలు, చిన్న కొర్రమీను పిల్లలు కూడా దోమ పిల్లల్ని తింటాయి. మన నీళ్లకి, మన వేడికి అలవాటు పడ్డవి, ఒకదానితో ఒకటి సర్దుకున్నవి. నర్సరీల్లో బొచ్చె పిల్లల్ని లక్షల్లో పెంచే మత్స్యశాఖకి, ఈ చేపల్ని పెంచి మలేరియా సిబ్బందికి ఇవ్వడం పెద్ద పని కాదని నా నమ్మకం. ఒకటి మాత్రం ఉంది, నల్లగా కంపు కొట్టే డ్రెయిన్‌లో పాంచాక్స్ బతకదు. అక్కడ చేపల మీద భారం వేయకుండా డ్రెయిన్ బాగుచేయాలి.

చేపలకి తిండి వేయడం గురించి కూడా ఒక మాట, కోనేళ్ల దగ్గర, పార్కు చెరువుల దగ్గర చూస్తుంటాను. బ్రెడ్డు ప్యాకెట్లు, మరమరాల సంచులు తెచ్చి గుమ్మరిస్తారు. చేపలు తినగలిగినంత తింటాయి, మిగిలింది అడుక్కి పోయి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ లాగేసుకుంటుంది, తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతుంటే ‘ఆకలేస్తోంది పాపం’ అని ఇంకో ప్యాకెట్ వేస్తారు. ఆకలి కాదండీ అది, ఊపిరాడక. పిల్లల చేతికి గుప్పెడు ఇవ్వండి, అవి తినేదాకా చూడనివ్వండి, అంతకు మించి వద్దు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఏమిటంటే, ఇకపై ఇలాంటి చేప ఫొటో మీ పేపర్లో పడినప్పుడు కింద ఇంకో రెండు లైన్లు చేర్చండి, ఏ దేశపు చేప, ఏం తింటుంది, మళ్లీ నీళ్లలో వదలొద్దు అని. మీ విలేకరికి పేరు తెలియకపోతే ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ విభాగానికో, మత్స్యశాఖ వాళ్లకో ఫొటో పంపితే తెలుస్తుంది. ఆదివారం పిల్లల పేజీలో ఏడాదంతా వేసినా సరిపోయేన్ని మన చేపలున్నాయి, వారానికి ఒక్కటి వేయండి, నోరు ఎలా ఉంటుందో బొమ్మ, ఏం తింటుందో నాలుగు ముక్కలు. సముద్రం చేపల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలున్న ఊరు మనది, ఈ పేర్లు వాళ్లకి కష్టమేం కాదు.

చేపలు పెంచే నా తోటివాళ్లకి: ఊరు మారుతున్నా, పరీక్షలొచ్చి చూసుకోవడానికి కుదరకపోయినా, చేప తొట్టికి మించి పెరిగినా, దయచేసి గెడ్డ దగ్గరికి తీసుకెళ్లకండి. కొన్న షాపులో అడిగితే చాలామంది వెనక్కి తీసుకుంటారు, డబ్బులివ్వకపోవచ్చు. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇచ్చేయండి, మన ఊళ్లో పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు, అడిగితే ఎవరో ఒకరు తీసుకుంటారు. తొట్టి కడిగిన నీళ్లు కూడా కాలువలో కాకుండా మొక్కలకి పోయండి, ఆ నీళ్లలో కంటికి కనపడని పిల్లలు, గుడ్లు, నత్తలు ఉంటాయి. షాపుల వాళ్లు సక్కర్ ఫిష్ అమ్మేటప్పుడు అది ఎంత పెరుగుతుందో కొనేవాడికి ముందే చెప్తే సగం చేపలు అసలు కొనరు. పాచి సమస్యకి వేరే దారి ఉంది, తొట్టిని ఎండ తగిలే కిటికీ దగ్గర నుంచి తీసి ఇంకో గోడకి జరపండి, లైటు వేసే టైం తగ్గించండి, తిండి తగ్గించండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం.